తూము దగ్గర టిఫిను

కోనసీమ చూడాలని వెళ్లి వచ్చి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ప్రొజెక్టరు మొయ్యడానికి వెళ్లాను.

మా ఆవిడ శైలజ నాయకత్వ తరగతులు చెబుతుంది. బ్యాంకువాళ్లకు, పొదుపు సంఘాలకు, ఒకసారి పెళ్లిళ్లలో వంట చేసే బృందానికి కూడా చెప్పింది. నేను అనంతపురంలో డ్రాయింగు మాస్టారిని. లోకమంతటికీ నాయకత్వం ఆవిడ నేర్పుతుంది గాని, మా ఇంట్లో ఈ పూట ఏ కూర అన్నది నేనే నిర్ణయిస్తాను. వండేది నేనే కాబట్టి.

అమలాపురం నుంచి ఆవిడకు పిలుపు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో మురుగు కాలువల రైతు సంఘాలకు కొత్తగా అధ్యక్షులైనవాళ్లకు ఒకరోజు శిక్షణట. మా జిల్లాలో రైతు సంఘమంటే నీళ్లు రప్పించుకోవడానికి కొట్లాడేది. నీళ్లు బయటికి పంపడానికి కూడా ఒక సంఘం ఉంటుందని నాకు ఊహకైనా తట్టలేదు. ఆ వింత చూద్దామని సెలవు పెట్టి, ప్రొజెక్టరు భుజాన వేసుకున్నాను.

రావులపాలెం, కొత్తపేట

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాం. సన్నగా వాన. రావులపాలెంలో రోడ్డు పక్కన అరటి గెలలు లారీలకెక్కుతున్నాయి. అక్కడ మా ముందు సీటొకటి ఖాళీ అయింది. దాని పక్కనే ఇద్దరు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు.

"కూర్చోండి బావగారూ."

"అబ్బెబ్బే, మీరు నిలబడుంటే నేను కూర్చోవడమేటండి? మీరు కూర్చోండి."

"మీ తర్వాతేనండి."

మా అనంతపురంలో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు పడి సీటు భర్తీ అయిపోతుంది. ఇక్కడ కొత్తపేట వచ్చేదాకా ఆ సీటులో ఎవరిదో కూరగాయల సంచి కూర్చుంది. పెద్దమనుషులిద్దరూ దానికి అటూ ఇటూ నిలబడి ప్రయాణం చేశారు. దిగేటప్పుడు కూడా ముందు మీరంటే ముందు మీరని తలుపు దగ్గర కాసేపు ఆగారు. కండక్టరు ఏమీ అనలేదు. అలవాటై ఉంటుంది.

కొత్తపేటలో టిఫినుకి దిగాం. హోటలాయన ఎంతో మర్యాదస్థుడు.

"రెండు పెసరట్లండీ. ఉప్మా వద్దు."

"ఆయ్."

ఉప్మాతోనే వచ్చాయి.

"ఉప్మా వద్దన్నాను కదండీ."

"ఆయ్, అన్నారండి," అన్నాడు చిరునవ్వుతో.

ధర మా ఊరికంటే కాస్త ఎక్కువే. అల్లప్పచ్చడి మాత్రం అడక్కుండానే మూడుసార్లు వేశాడు. ఉప్మా బాగుంది కాబట్టి నేను గొడవ పెట్టుకోలేదు. ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదని, మీ మాట నా చెవిన పడిందని మాత్రమేనని నాకక్కడే అర్థమైంది. శైలజకు కూడా చెప్పాను. తన పాఠం మననం చేసుకుంటూ ఆవిడ "ఊఁ" అంది. ఆ ఊఁ కూడా అలాంటిదే.

అమలాపురం

శిక్షణ ఒక కల్యాణ మండపంలో. మేం వెళ్లేసరికి వేదిక మీద కుర్చీలు సర్దుతున్నారు. వచ్చిన ప్రతి అధ్యక్షుణ్నీ మైకులో పేరుపెట్టి వేదిక మీదకు ఆహ్వానించారు. వాళ్లతోపాటు ఉపాధ్యక్షుల్ని, మాజీ అధ్యక్షుల్ని కూడా. గౌరవాధ్యక్షులని ఇంకో వర్గం ఉంది. వాళ్లకు దిండున్న కుర్చీలు. ఆహ్వానాలు పూర్తయ్యేసరికి వచ్చినవాళ్లంతా వేదిక మీదే ఉన్నారు. కింద ఉన్నది నేను, ప్రొజెక్టరు, వంటవాళ్ల తాలూకు ఒక ముసలమ్మ.

శైలజ ఎటు తిరిగి పాఠం చెప్పాలో తెలియక కాసేపు తికమకపడి, చివరికి నావైపు తిరిగి మొదలుపెట్టింది. అంతలో శాలువాలు వచ్చాయి. ఒకరికొకరు కప్పుకున్నారు. మా ఆవిడకు కప్పారు. బయట వాన పడుతోంది కదా అని కాబోలు నాకూ ఒకటి కప్పారు. భోజనాల వేళైంది.

భోజనాలయ్యాక శైలజ పట్టుదలగా అందరినీ కిందికి దించి గుండ్రంగా కూర్చోబెట్టింది. "పదవి సంగతి పక్కన పెట్టండి. అసలు మీ చేతిలో ఉన్న శక్తి ఏమిటి? దేనికోసం వాడదామనుకుంటున్నారు?" అని అడిగింది. చాలామంది ప్రజాసేవ అన్నారు. ఒకాయన క్రమశిక్షణ అన్నాడు. ఒక పక్కగా కూర్చున్న ఒకావిడ వంతు వచ్చింది. యాభై దాటిన మనిషి, కళ్లజోడు, నీలం నేత చీర. పేరు సత్యవతిగారు.

"నా చేతిలో సంతకం ఉందండి," అందావిడ.

"దేనిమీద?"

"ఇంకా ఏ కాగితమూ రాలేదండి."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. అసలు అధ్యక్షురాలు ఎలా అయ్యారని శైలజ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ల సంఘానికి ఏటా ఎన్నిక. ఎన్నికంటే అందరూ చావడిలో చేరి ఎవరినో ఒకరిని ఒప్పించడం. ఈసారి మగవాళ్లంతా ఒకరినొకరు పొగుడుకుని, ఎవరికి వారు తప్పుకున్నారు. అప్పటికి ఆవిడ అందరికీ కాఫీలు ఇస్తోంది. ట్రే చేతిలో ఉండగా చప్పట్లు వినిపించాయట.

"కప్పులు పడిపోతాయని చెయ్యెత్తి వద్దనలేదండి. అంతే."

మాకిచ్చిన లాడ్జి గది కురుస్తోందని తెలిసి ఆవిడే మమ్మల్ని తన ఊరికి తీసుకెళ్లింది.

సత్యవతిగారి ఊరు

ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఊళ్లో కనీసం ఆరుగురు నాయకులు తమ పేరు కూడా వెయ్యలేదేమని ఫోను చేస్తారు. అమలాపురానికి దగ్గర, సముద్రానికి మరీ దూరం కాదు. ఇంటి చుట్టూ కొబ్బరితోట, చెట్ల మధ్య కందమొక్కలు. వాటిని పెంచేది ఆవిడ భర్త సూర్రావుగారు. పొద్దున్నా సాయంత్రం వాటి మధ్యే తిరుగుతాడు. ఆయన మాట్లాడేది తక్కువ. ఆ పూట కందా బచ్చలికూర ఆవపెట్టి వండారు. మాకు అనంతపురంలో కంద అంటే గొంతు దురద. ఇక్కడ వెన్నలా కరిగింది. నేను మూడోసారి వడ్డించుకుంటుంటే సూర్రావుగారు తన బిడ్డను మెచ్చుకున్నట్టుగా మురిసిపోయాడు.

రాత్రంతా వాన దంచికొట్టింది. తెల్లారి చూస్తే పొలాల్లో పచ్చదనం లేదు, ఆకాశం ఉంది. తొలి పంట సార్వా వరి నడుములోతు నీటి కింద ఉంది. ఊరి మురుగు కాలువ తూము దగ్గర గుర్రపుడెక్క పేరుకుని నీటిని ఆపేసింది. మా ఊళ్లో అంత నీరు చూస్తే కొబ్బరికాయ కొడతాం. ఇక్కడ జనం శవాన్ని చూసినట్టు చూస్తున్నారు.

సంఘం సభ్యులు సత్యవతిగారి వరండాలో చేరారు. గౌరవాధ్యక్షుడు సోమేశ్వర్రావుగారు పడక్కుర్చీలో కూర్చున్నాడు. చాలా ఏళ్లు అధ్యక్షుడిగా చేసి, పని మానేసి గౌరవం మాత్రం ఉంచుకున్న పెద్దమనిషి.

"యంత్రం పంపుతామన్నారు కాంట్రాక్టరుగారు. రేపో ఎల్లుండో వస్తుంది," అన్నాడాయన.

"ఈలోగా మనం వెళ్లి తీస్తేనో?" అన్నారెవరో.

"తియ్యాలండి. తప్పకుండా తియ్యాలి. ఎవరో ఒకరు పూనుకోవాలి."

"ఆయ్," అన్నారందరూ.

ఎవరూ లేవలేదు. మొదట కాఫీలు, వాటి తర్వాత తీర్మానం వచ్చాయి. తూములో గుర్రపుడెక్క ఉన్నదని సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది.

మెట్ల కింద గొడుగు పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. పేరు నాగమణి. సోమేశ్వర్రావుగారి పల్లపు చేను కౌలుకి చేస్తోంది. కౌలువాళ్లకు సంఘంలో ఓటు లేదు, కాబట్టి వరండాలోకి రాలేదు.

"అయ్యా, పైరు దుబ్బు కడతన్నాదండి. ఇంకో రెండ్రోజులు నీటిలో ఉంటే కుళ్లిపోద్ది," అంది.

"తెలుసమ్మా. దాని గురించే మాట్లాడుతున్నాం," అన్నాడాయన దయగా.

సభ ముగిశాక సత్యవతిగారు వంటింట్లోకి వెళ్లి పీట మీద కూలబడింది. శైలజ వెనకే వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మీరు రమ్మంటే వాళ్లు వస్తారు కదండీ," అంది శైలజ.

"రమ్మన్నాక రాకపోతే?" అంది సత్యవతిగారు. "నా మొహం ఎక్కడ పెట్టుకోవాలండి? ఇన్నేళ్ల కాపురంలో నేనెవరినీ ఏదీ అడగలేదు. పెట్టేను, పంపేను, సర్దుకున్నాను. అడగడం రాదండి."

దీనికి శైలజ దగ్గర ఒక స్లైడు ఉందని నాకు తెలుసు. పసుపురంగుది, మీద సింహం బొమ్మ. ఆ బొమ్మ వేసింది నేనే. ఆవిడ దాని జోలికి పోలేదు. పక్కన నేలమీద కూర్చుని, "నాకూ అదే భయమండీ. తరగతికి ఎవరూ రారేమోనని ప్రతిసారీ ముందురోజు నిద్రపట్టదు," అంది. ఇన్నేళ్లలో ఈ మాట నాతో అనలేదు. నిద్రపట్టకపోవడం కాఫీ వల్ల అనుకునేవాణ్ని.

సత్యవతిగారు పొయ్యి వైపు చూసింది. తర్వాత లేచి, "నాకు పిలవడం ఒకటే వచ్చండి. టిఫినుకి పిలుస్తాను," అంది.

తూము

ఆ ఉదయం ఇంటింటికీ కబురు వెళ్లింది. ప్రెసిడెంటుగారి టిఫిను, తూము దగ్గర. మినప్పిండి దిబ్బరొట్టెలు, నంచుకోవడానికి చెరకు పానకం. కోనసీమలో సమావేశానికి రానివాళ్లు ఉండొచ్చు గాని టిఫినుకి పిలిస్తే రాకపోవడం పరువు తక్కువ. గొడుగులు వేసుకుని అందరూ వచ్చారు. గట్టు మీద టార్పాలిను కట్టి, కింద కుర్చీలు వేయించింది. సోమేశ్వర్రావుగారికి దిండున్న కుర్చీ.

అందరి చేతుల్లోకీ పళ్లేలు వచ్చాక ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుంది. కళ్లజోడు తీసి శైలజకిచ్చింది. దోటి పుచ్చుకుని నడుములోతు నీళ్లలోకి దిగింది. 

గట్టు మీద నమలడం ఆగింది.

"అమ్మా, అదేం పనమ్మా! పైకి రండి!" అన్నాడు సోమేశ్వర్రావుగారు.

"మీరు తినండన్నయ్యగారూ. రొట్టె చల్లారిపోతుంది."

నాగమణి, మిగతా కౌలువాళ్లు అప్పటికే దిగారు. నీళ్లలో ఆడమనిషి పనిచేస్తుంటే కుర్చీలో కూర్చుని రొట్టె పానకంలో నంచుకోవడానికి మామూలు మనిషికి ఎంత ధైర్యం కావాలో నేనప్పుడు చూశాను. ఆ ధైర్యం సంఘంలో ఎవరికీ లేదు. ఉపాధ్యక్షుడు పళ్లెం కింద పెట్టాడు. ఆయన వెనక మాజీ అధ్యక్షులు. పంచెలు ఎగగట్టారు. నేనూ దిగాను. గుర్రపుడెక్క చూడ్డానికి ఆకు, లాగితే గేదె. నేను పట్టినదాన్ని నేను లాగానో, అది నన్ను లాగిందో, మునిగి లేచేసరికి ఒక చెప్పు లేదు. మా ఆవిడ గట్టు మీదనుంచి "ఎడమచేత్తో పట్టుకోండి" అని నాయకత్వం చేసింది. కాసేపటికి ఆవిడా దిగింది, కళ్లజోడు సోమేశ్వర్రావుగారికిచ్చి.

చివరిదాకా ఆయన గట్టు మీదే ఉండి కళ్లజోడుకు బాధ్యత వహించాడు.

మధ్యాహ్నానికి తూము ఒక్కసారిగా గుటకేసింది. నీళ్లు సుడి తిరిగి అవతలికి దూకాయి. జనం కేకలు వేశారు. ఎవరో సత్యవతిగారికి జై కొట్టారు. ఆవిడ ఎవరికోసమా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మిగిలిన డెక్క తీస్తుండగా, గంట తర్వాత గట్టు మీద మోటారు సైకిళ్లు వచ్చి ఆగాయి. దిగువ ఊరివాళ్లు. ముందు నరసింహంగారు. ఆ ఊరి సంఘానికి అధ్యక్షుడు, సత్యవతిగారి కూతురిని కోడలిగా చేసుకున్న వియ్యంకుడు.

నేనైతే తిట్లు వస్తాయనుకున్నాను. మా వైపైతే రాళ్లు కూడా వచ్చేవి.

"చెల్లెమ్మగారూ, కులాసాయే కదా?" అన్నాడాయన చేతులు జోడించి. మొహం కందగడ్డలా ఎర్రబడి ఉంది.

"మీ దయండి అన్నయ్యగారూ. టిఫిను చేసేరా?"

"అయ్యిందండి. మీరు పంపిన నీళ్లు అందేయండి. మా చేలు నిండిపోయేయి. మా తూము కూడా పూడిపోయే ఉంది. మీరు పెద్ద మనసు చేసుకుని ఆ గుర్రపుడెక్క మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టించేస్తే..."

సోమేశ్వర్రావుగారు దిండుకుర్చీలోంచి లేచాడు. "మన సంఘం హద్దు ఈ తూము వరకేనండి. అవతల వారి బాధ్యత," అన్నాడు. మా వాళ్లందరూ ఔనన్నారు. పొద్దున్నుంచి ఒంటిమీద బురదతో ఒక్కటైన మనుషులు క్షణంలో మళ్లీ సంఘమైపోయారు.

సత్యవతిగారు నీళ్లలోంచే వియ్యంకుడి వైపు, తన వాళ్ల వైపు చూసింది. అటు కూతురి అత్తారిల్లు. ఇటు నాగమణి చేను. తూము మూస్తే ఈ పైరు పోతుంది, తెరిచి ఉంచితే ఆ పైరు. 

"మీ తూము తియ్యడానికి ఎంతసేపు పడుతుందండి?" అని అడిగింది.

"అందరం పడితే చీకటి పడేలోపు."

"అందాకా ఈ నీళ్లు మా తోటలోకి మళ్లిస్తాం. తర్వాత మావాళ్లందరినీ తీసుకుని నేనొస్తాను."

ఆవిడ తోట ఆ కాలువ గట్టుకు ఆనుకునే ఉంది. కొబ్బరిచెట్లకు నీళ్లు ఏమీ చెయ్యవు. కందకు మాత్రం రెండు పూటలు చాలు. సూర్రావుగారు గట్టు మీదే ఉన్నాడు. ఆవిడ ఆయన వైపు తిరిగి, "కంద పోతుందండీ," అంది. 

ఆయన ఇంట్లోకి వెళ్లి పార తెచ్చాడు. తోట గట్టు తనే తెగ్గొట్టాడు. నీళ్లు మొక్కల మొదళ్లలోకి వెళ్తుంటే కాసేపు చూసి, పార భుజాన వేసుకుని దిగువ ఊరి వైపు నడిచాడు. ఇక హద్దు గురించి మాట్లాడే మొహం ఎవరికుంటుంది? అందరూ ఆయన వెనక నడిచారు. సోమేశ్వర్రావుగారు కూడా, కళ్లజోడుతో సహా.

యంత్రం వచ్చిన రోజు

రెండు ఊళ్ల వరీ చాలావరకు తేరుకుంది. అట్టడుగు పల్లంలో కొన్ని మళ్లు పోయాయి. వాటిలో నాగమణిది ఒకటి. ఆమె మిగతా మళ్లు నిలబడ్డాయి. కంద మొత్తం పోయింది.

నాలుగు రోజులకు, మేం బయల్దేరే రోజున, కాంట్రాక్టరు యంత్రంతో వచ్చాడు. పసుపు రంగు, పొడవాటి చెయ్యి, ముందు పూలదండ. తూము శుభ్రంగా ఉండటం చూసి ఆయన నొచ్చుకున్నాడు. "ఫొటో పంపాలండి. పని జరిగినట్టు చూపించకపోతే నాకు ఇబ్బంది," అన్నాడు.

సోమేశ్వర్రావుగారికి వెంటనే ఉపాయం తట్టింది. "గట్టు మీద తీసేసింది అలాగే ఉంది కదా. కాస్త మళ్లీ కాలువలోకి తోయిస్తే, యంత్రం తీస్తున్నట్టు ఫొటో వస్తుంది. తర్వాత ఎలాగూ తీసేస్తుంది."

నలుగురు మనుషులు అప్పుడే వంగారు కూడా. ఒక పూలదండ సత్యవతిగారి చేతిలో పెట్టారు.

"వద్దండి," అంది ఆవిడ.

అందరూ ఆగారు. ఆ మాట ఆ ఊళ్లో అంత బయటికి ఎవరూ అనగా వినలేదు కాబోలు, కాంట్రాక్టరు కూడా వినబడనట్టు "ఏటండీ?" అన్నాడు.

"ఒక్క ఆకు కూడా మళ్లీ అందులో వెయ్యొద్దండి. మా కిందనున్న ఊళ్లలో ఇంకా నీళ్లున్నాయి. యంత్రం అక్కడికి తీసుకెళ్లండి. ఫొటో అక్కడ తీసుకోండి. కావాలంటే నేనూ వస్తాను."

పూలదండ యంత్రానికే తగిలించింది. అది గురగురమంటూ సముద్రం వైపు వెళ్లిపోయింది.

పి.గన్నవరం, రాజోలు

తిరుగు ప్రయాణం రాజోలు మీదుగా. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా ఒక కాలువ వెళ్తుంది. కింద నది, పైన కాలువ. మా జిల్లాలో రెండిట్లోనూ నీళ్లుండవు. వీళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నారు. అసూయతో నేను ఫొటో తీయలేదు.

రాజోలులో కొబ్బరిబొండం తాగాం. పక్కనే తోట ఉన్నా, మా ఊళ్లో ఉన్న ధరే. కారణం అడిగితే కొట్టాయన ఎంతో వినయంగా లోకం తీరంతా వివరించాడు గాని, ధర తగ్గించలేదు. ఒక చెప్పు ఊళ్లో పోయింది కాబట్టి అక్కడే కొత్త జత కొన్నాను. శైలజ పాలకొల్లులో రైలెక్కాక, "ఆ సింహం బొమ్మ తీసేద్దామా?" అంది. కష్టపడి వేశానన్నాను. సరే ఉండనీ అంది.

ఇంటికొచ్చిన కొన్ని నెలలకు సత్యవతిగారి నుంచి ఫోను వచ్చింది. శైలజ స్పీకరు పెట్టింది.

"మళ్లీ ఎన్నికొచ్చిందండి. ఈసారి చాలామందికి అధ్యక్షులు కావాలని ఉంది. సోమేశ్వర్రావుగారైతే గౌరవం వద్దు, ఉత్త అధ్యక్షుడు చాలంటున్నారండి. కౌలువాళ్లకి ఓటు పెట్టించేను. అందుకు కొంతమందికి కోపం."

"మరి మీరో?"

"నిలబడ్డానండి. నాకు కావాలనే నిలబడ్డాను. ఇంటింటికీ వెళ్లి ఓటు అడుగుతున్నాను. మొన్న ఇద్దరు, వెయ్యం అని మొహం మీదే చెప్పేసేరండి."

శైలజ నా వైపు చూసింది. "బాధపడ్డారా?" అని అడిగింది మెల్లగా.

"పడ్డానండి," అంది సత్యవతిగారు. "గుమ్మం దిగి కాసేపు రోడ్డు మీద నిలబడిపోయేను. తర్వాత మూడో ఇంటికి వెళ్లేను."